పాఠకుల ప్రశ్నలు: ఎన్నికల ప్రచారంలో తిట్టు, విమర్శ, వాగ్దానం

కొంతకాలంగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో ఎన్నికల ప్రచారం గురించినవి ఎక్కువయ్యాయి. వాటిలో ఒకే విషయం చుట్టూ తిరుగుతున్న ఏడింటిని ఏరి, ఈసారి పేజీలన్నీ వాటికే కేటాయిస్తున్నాను. కొందరు కోరినందువల్లా, మిగిలినవారి విషయంలో నా జాగ్రత్త కొద్దీ పేర్లు తీసేసి పేట పేరు మాత్రం ఉంచాను.

ప్రశ్న (విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయులు): ఎన్నికలు వస్తే మా వీధిలో తిరిగే ప్రచార ఆటోలు తమ అభ్యర్థి ఏం చేస్తాడో చెప్పడం కంటే ఎదుటి అభ్యర్థిని ఆడిపోసుకోవడమే ఎక్కువ. తాము చేసేది చెప్పి ఓటడగడం మంచి ప్రచారం, ఎదుటివారిని విమర్శించడం చెడ్డ ప్రచారం అని మా ఉదయపు నడక మిత్రులు అంటున్నారు. ఎదుటివారి ఊసే ఎత్తకూడదని నియమం పెడితే ఎన్నికలు బాగుపడవా?

జవాబు: మీ మిత్రుల మాటలో పెద్దరికం ఉంది కానీ, ఆ నియమం పెట్టిన మరునాడే లాభపడేది అధికారంలో ఉన్నవారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగరూ దాని చుట్టుపక్కల కాలనీలూ రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయిన సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. గట్లకు గండ్లు ఎందుకు పడ్డాయి, మళ్ళింపు కాలువ పని ఎవరి హయాంలో ఎంతవరకు నడిచి ఎక్కడ ఆగింది, ఆక్రమణలు జరుగుతుంటే ఎవరు చూసీ చూడనట్టు ఊరుకున్నారు అని ఒక అభ్యర్థి అడిగాడనుకోండి. ఏ పార్టీవాడు అడిగినా, ఎవరిని ఉద్దేశించి అడిగినా, అది ఎదుటివారిని వేలెత్తి చూపడమే అవుతుంది. ఆ ప్రశ్న ఎన్నికల్లో కాక ఇంకెప్పుడు అడగాలి? అడగడానికి వీల్లేదంటే, నడుం లోతు నీళ్ళలో నిలబడి పాల ప్యాకెట్టు కోసం చెయ్యి చాచిన మనిషిని, అదంతా మరిచిపోయి రేపటి రంగుల బొమ్మ చూసి ఓటు వేయమన్నట్టే.

ఎన్నికల సంఘం ప్రవర్తనా నియమావళి కూడా విమర్శను నిషేధించలేదు. 1960లో కేరళ శాసనసభ ఎన్నికలప్పుడు పార్టీలు ఒప్పుకున్న కట్టుబాట్లతో మొదలై తర్వాత దేశమంతటికీ విస్తరించిన ఆ నియమావళి, ఇతర పార్టీల మీద చేసే విమర్శ వారి విధానాలకూ, కార్యక్రమాలకూ, గతంలో చేసిన పనులకూ పరిమితం కావాలని చెబుతుంది. ప్రజా జీవితంతో సంబంధం లేని వ్యక్తిగత విషయాల జోలికి పోవద్దని, నిర్ధారణ కాని ఆరోపణల మీద గానీ వక్రీకరణ మీద గానీ ఆధారపడి విమర్శించవద్దని, కులమత భావాలను రెచ్చగొట్టి ఓటు అడగవద్దని అంటుంది. అంటే గీత గీసింది పొగడ్తకూ తెగడ్తకూ మధ్య కాదు, తెగడ్తలోనే రెండు రకాల మధ్య. మన భాషకు ఈ తేడా కొత్త కాదు. విమర్శ వేరు, నింద వేరు, దూషణ వేరు, ఎత్తిపొడుపు వేరు. టీవీ చర్చలలో అన్నింటినీ కలిపి ‘నెగెటివ్’ అనే ఒక్క సంచిలో వేసేశాక మనకు ఈ చిక్కు వచ్చింది.

ఒక డివిజనులో మూడు కరపత్రాలు మీ గుమ్మంలో పడ్డాయనుకుందాం. మొదటిదానిలో ‘ఐదేళ్ళలో మన డివిజనులో ఒక్క వీధికైనా కొత్త మంచినీటి గొట్టం వేయలేదు’ అని ఉంది. రెండోదానిలో ‘సొంత ఇంట్లో పెళ్ళాన్ని ఏలుకోలేనివాడు డివిజనును ఏం ఏలతాడు’ అని ఉంది. మూడోదానిలో ఎవరి మీదా ఒక్క పరుషమైన మాట లేదు. ‘నన్ను గెలిపిస్తే ఆరు నెలల్లో ఇంటింటికీ 24 గంటల నీళ్ళు’ అని చిరునవ్వు ఫొటో కింద వేశారు. మీ మిత్రుల లెక్క ప్రకారం మొదటి రెండూ చెడ్డవి, మూడోది మంచిది. నా లెక్కలో మొదటిదే అన్నింటికంటే నిజాయతీ గలది. అది అబద్ధమైతే పాత కార్పొరేటరు ఫలానా వీధిలో ఫలానా సంవత్సరం వేయించానని బిల్లు చూపించి నోరు మూయించవచ్చు. రెండోదానికి జవాబే లేదు, ఎందుకంటే జవాబు చెప్పడానికి ఆ దంపతులు తమ పడకగది తలుపు తెరవాలి. మూడోది వినడానికి తీయగా ఉన్నా, నీళ్ళు ఎక్కడి నుంచి, ట్యాంకు ఎక్కడ, డబ్బు ఎవరిది అన్న మూడు ముక్కలూ మింగేసిన మాట. ఒకరి పరువు తీయలేదన్న ఒక్క కారణంగా దానికి మంచి మార్కులు వేయడం నాకు ఇష్టం లేదు.

మూడో రకం గురించి సుప్రీంకోర్టు 2013లో ఆలోచించింది. తమిళనాడు ఉచితాల కేసులో, మేనిఫెస్టోలోని వాగ్దానాన్ని అవినీతికర చర్యగా పరిగణించలేమని చెబుతూనే, మేనిఫెస్టోలకు మార్గదర్శకాలు రూపొందించమని ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది. ఆ తర్వాత నియమావళిలో చేరిన భాగం ప్రకారం వాగ్దానం వెనుక ఉన్న హేతువునూ, దానికి నిధులు తెచ్చే మార్గాన్నీ స్థూలంగానైనా పార్టీలు చెప్పాలి. ఎన్ని మేనిఫెస్టోలలో ఆ లెక్క కనిపిస్తోందో మీరే తిరగేసి చూడండి. మాష్టారు కదా, ఎర్ర పెన్ను పక్కన పెట్టుకుంటే ఇంకా మంచిది.

ప్రశ్న (గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక న్యాయశాస్త్ర విద్యార్థి): నీతి సంగతి అలా ఉంచండి. ప్రత్యర్థిని దుమ్మెత్తి పోస్తే ఓట్లు నిజంగా పడతాయా? పడతాయనే కదా పార్టీలు అంత ఖర్చు పెడుతున్నాయి?

జవాబు: పార్టీలు ఖర్చు పెడుతున్నాయి కాబట్టి ఫలితం ఉంటుందనుకోవడం తొందరపాటు. ఎదుటివాడు మానడేమోనన్న భయంతో పెట్టే ఖర్చు కూడా అందులో చాలా ఉంటుంది.

అమెరికాలో ముగ్గురు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన 111 అధ్యయనాలను ఒకచోట చేర్చి 2007లో ఫలితాలు ప్రకటించారు. ప్రత్యర్థి మీద దాడి చేసే ప్రచారం జనానికి ఎక్కువ గుర్తుంటుందని తేలింది గానీ, అది ఓట్లు సంపాదించడంలో మెరుగైనదని తేలలేదు. అలాంటి ప్రచారం చూసి విసిగిపోయి జనం పోలింగుకు రావడం మానేస్తారన్న భయానికి కూడా బలమైన ఆధారం దొరకలేదు. తగ్గేది మరొకటి: ప్రభుత్వం మీద నమ్మకం, తన ఓటుకు ఒక విలువ ఉందన్న భావం కొద్దికొద్దిగా అరిగిపోతాయి. గెలిచినవాడు కూడా ఆ అరిగిన నమ్మకం మీదే ఐదేళ్ళు పాలించాలి.

మన చరిత్రలోకి వస్తే రెండు వైపులా ఉదాహరణలు దొరుకుతాయి. 1971లో ప్రతిపక్షాలు ‘ఇందిరా హటావో’ అంటే ఆమె ‘గరీబీ హటావో’ అని, ఒక మనిషిని తీసెయ్యమన్న నినాదాన్ని ఒక కష్టాన్ని తీసేసే నినాదంగా తిప్పికొట్టి గెలిచింది. 1977లో ఎమర్జెన్సీ మీద ఆగ్రహమే ప్రధానంగా సాగిన ప్రచారం ఉత్తరాదిని ఊడ్చేసింది. అదే ప్రచారం, అవే ఉపన్యాసాలు ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం చెల్లలేదు, 42 లోక్‌సభ స్థానాలలో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి, నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా పార్టీ తరఫున నెగ్గారు. 2004లో ‘భారత్ వెలిగిపోతోంది’ అన్న ప్రచారంలో ఎవరినీ తిట్టలేదు, అయినా ఓడిపోయింది. తన ఇంట్లో వెలుగు కనిపించని ఓటరుకు ఆ పొగడ్త తన మీద వేసిన ఎత్తిపొడుపులా వినిపించింది. ఇక 1983లో ఎన్టీ రామారావు చైతన్యరథం మీద నుంచి చేసిన ప్రచారాన్ని ఏ గంపలో వేస్తారు? ఐదేళ్ళలోపు నలుగురు ముఖ్యమంత్రులను మార్చిన ఢిల్లీ మీద కోపం అందులో సగమైతే, కిలో రెండు రూపాయల బియ్యం మిగతా సగం. తెలుగువారి ఆత్మగౌరవం అన్న మాటలో ఆ రెండూ కలిసిపోయాయి. ఒకదాన్ని తీసేసి ఉంటే రెండోది అంత దూరం వెళ్ళేదని నేను అనుకోను.

మీరు గుంటూరువారు కాబట్టి 1955 గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 1954 నవంబరులో ప్రకాశం పంతులు గారి మంత్రివర్గం పడిపోయి, కొత్త ఆంధ్ర రాష్ట్రంలో మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. కృష్ణా, గుంటూరు జిల్లాలు కమ్యూనిస్టులకు కంచుకోటలు. వాళ్ళే అధికారంలోకి వస్తారని చాలామంది నమ్మారు. అప్పుడు రెండు వైపులా జరిగిన ప్రచారపు వేడిని మా ఇంట్లో పెద్దలు నా చిన్నతనంలో కూడా తలుచుకునేవారు: ఊరికి రెండు మైకులు, రచ్చబండకు రెండు వైపులు, ఒకే కుటుంబంలో అన్నదమ్ములు పలకరించుకోకపోవడం. ఆ గొడవలో ఒక తమాషా జరిగింది. సరిగ్గా ఎన్నికల ముందు మాస్కో నుంచి వెలువడే సోవియట్ కమ్యూనిస్టు పార్టీ పత్రిక ‘ప్రావ్దా’ నెహ్రూ ప్రభుత్వాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాస్తే, కాంగ్రెస్‌వారు దానిని అచ్చువేయించి పంచారు. ప్రత్యర్థి గురువు నోటి వెంట వచ్చిన పొగడ్త కంటే పదునైన దాడి ఏముంటుంది? పొగడ్తా తెగడ్తా ఒకే కాగితం మీద ఇమిడిపోయాయి.

ఫలితాలలో 196 స్థానాలకు కమ్యూనిస్టులకు 15 మాత్రమే వచ్చాయి. ప్రచారమే వారిని ముంచిందని నేటికీ చెప్పుకుంటారు. అయితే వారికి పడిన ఓట్లు దాదాపు 31 శాతం. 1952లో బహుముఖ పోటీలలో 40కి పైగా స్థానాలు గెలిచిన పార్టీ, ఈసారి కాంగ్రెస్, ఎన్జీ రంగా గారి కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఒక్కటై ఎదురుగా ఒకే అభ్యర్థిని నిలబెట్టేసరికి చిత్తయింది. అంటే కరపత్రాల కంటే పొత్తు లెక్కే ఎక్కువ పని చేసింది. గెలిచినవారు తమ మైకు మహిమ అని చెప్పుకుంటారు, ఓడినవారు ఎదుటివారి అబద్ధాల మహిమ అని చెప్పుకుంటారు. కూడికల గురించి మాట్లాడడం ఇద్దరికీ ఇష్టం ఉండదు.

ముక్కోణపు పోటీలో మరొక సంగతి. ఇటలీలో ఒక పట్టణంలో 2015లో మేయరు ఎన్నిక జరిగినప్పుడు చేసిన ప్రయోగంలో, ఒక అభ్యర్థి మరొకరిని దుయ్యబడితే లాభం తిట్టినవాడికి కాకుండా పక్కన ఊరికే ఉన్న మూడోవాడికి చేరిందని తేలింది. పిట్టపోరు పిల్లి తీర్చిందన్న సామెత తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యపోయేదేమీ లేదు.

ప్రశ్న (విజయవాడ వన్‌టౌన్ నుంచి ఒక ప్రెస్సు కార్మికుడు): గత శాసనసభ ఎన్నికలప్పుడు పోలింగుకు రెండు రోజుల ముందు రాత్రి ఒకాయన వచ్చి, ప్రెస్సు పేరు వేయకుండా ఒక అభ్యర్థి మీద కరపత్రం కొట్టిమ్మన్నాడు, మామూలు రేటుకు మూడింతలు ఇస్తానన్నాడు. మా ఓనరు గారు ఒప్పుకోలేదు. పేరు వేయకపోతే అంత తప్పా?

జవాబు: తప్పే కాదు, జైలు కూడా. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127ఏ సెక్షను ప్రకారం శాసనసభ, లోక్‌సభ ఎన్నికల కరపత్రం మీద, పోస్టరు మీద ముద్రాపకుని పేరూ చిరునామా, ప్రచురణకర్త పేరూ చిరునామా ఉండి తీరాలి. వేయించుకునే వ్యక్తి తానెవరో తెలియజేస్తూ సంతకం చేసిన ప్రకటనను, తనను స్వయంగా ఎరిగిన ఇద్దరి ధ్రువీకరణతో రెండు ప్రతులు ప్రెస్సుకు ఇవ్వాలి. అచ్చయ్యాక ఒక ప్రకటననూ, ఒక కరపత్రాన్నీ ప్రెస్సువారు జిల్లా అధికారికి పంపాలి. మీరితే ఆరు నెలల వరకు ఖైదు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇందులో గమనించవలసిన మాట ఒకటుంది. ఒకరి గెలుపుకు తోడ్పడేదైనా, దానిని దెబ్బతీసేదైనా చట్టం ముందు ఎన్నికల కరపత్రమే. పొగడ్తకు ఒక న్యాయం, తిట్టుకు ఒక న్యాయం పెట్టలేదు. ఏది రాసినా పేరు పెట్టుకుని రాయమంది. అమెరికాలోనైతే 2002లో చేసిన చట్టం వల్ల, అక్కడి పార్లమెంటైన కాంగ్రెస్‌కో అధ్యక్ష పదవికో పోటీ చేసే అభ్యర్థి తన టీవీ ప్రకటనలో తానే కనిపించి, దీనిని నేను ఆమోదిస్తున్నానని చెప్పుకోవలసి వచ్చింది. తిట్టేవాడి ముఖం తిట్టు పక్కనే ఉండాలన్నది అక్కడి ఉద్దేశం.

మీ ఉత్తరం చదివాక నాకు నా సొంత సంగతి ఒకటి గుర్తుకొచ్చి నిద్ర పట్టలేదు. చదువు అయిపోయిన కొత్తలో గవర్నరుపేటలో ఒక చిన్న ట్రెడిల్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడిని. ఆ ఏడాది ఎన్నికలప్పుడు, అర్ధరాత్రి దాటాక అరచేయంత కరపత్రం గ్యాలీ ప్రూఫు నా ముందుకు వచ్చింది. ఫలానా అభ్యర్థి పోటీ నుంచి విరమించుకున్నారు, ఓట్లు వృథా చేసుకోవద్దు అని అందులో సారాంశం. కంపోజింగులో ‘విరమించుకున్నారు’లో మొదటి అక్షరం ‘వి’ జారిపోయి అర్థం ఘోరంగా తయారైంది. నేను నవ్వుకుని, అంచున ‘వి’ రాసి, సున్నా చుట్టి పంపేశాను. ఆ అభ్యర్థి విరమించుకోలేదని, మరునాడు సాయంత్రం కూడా కొత్తపేటలో ఇంటింటికీ తిరుగుతున్నాడని నాకు తెలుసు. అచ్చుతప్పు దిద్దానే గానీ అబద్ధం దిద్దలేదు. అదే చట్టం 123వ సెక్షను నాలుగో భాగంలో, అభ్యర్థి వ్యక్తిగత శీలాన్ని గురించే కాదు, పోటీలో ఉన్నాడా తప్పుకున్నాడా అన్నదాన్ని గురించి తెలిసి తెలిసి అబద్ధం ప్రచురించడం కూడా అవినీతికర చర్యగా ఉందని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. మీ ఓనరు గారికి నా నమస్కారం చెప్పండి.

ప్రశ్న (గుంటూరు అరండల్‌పేట నుంచి ఒక గృహిణి): మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో మా చెల్లెలి కొడుకు ఒక వీడియో పెట్టాడు. ఒక నాయకుడు ఒక కులాన్ని తిడుతున్నట్టు ఉంది. నేను ఇంకో రెండు గ్రూపులకు పంపాక అది మార్చిన వీడియో అని తెలిసింది. ఎవరికి చెప్పాలి?

జవాబు: ముందు ఆ రెండు గ్రూపులకూ చెప్పండి. ‘నేను పంపినది అబద్ధమని తెలిసింది, ఎవరికీ పంపకండి’ అని మీ పేరుతోనే రాయండి. పంపినవాడు మన పిల్లాడు కాబట్టి మీరు నమ్మారు. పంపినది మీరు కాబట్టి వాళ్ళు నమ్మి ఉంటారు. ఈ దారిలో వచ్చే అబద్ధానికి ప్రచార ఆటో మీద వచ్చే అబద్ధం కంటే బలం ఎక్కువ. మైకులో వినిపించేది పార్టీ గొంతు అని తెలిసి వింటాం, ఫోనులో వచ్చేది మన పిల్లాడి గొంతులా వింటాం.

2024 మే 6న ఎన్నికల సంఘం పార్టీలకు ఇచ్చిన ఆదేశంలో, కృత్రిమ మేధతో తయారైన అలాంటి నకిలీ వీడియోలు తమ ఖాతాలలో ఉన్నట్టు దృష్టికి వచ్చిన మూడు గంటలలోపు తొలగించాలని ఉంది. అయితే అది పార్టీల ఖాతాలకు చెల్లుతుంది గానీ పెళ్ళి ఫొటోల కోసం పెట్టుకున్న గ్రూపుకు చెల్లదు. ఎన్నికల సంఘం వారి సీవిజిల్ యాప్‌లో ఫిర్యాదు చేస్తే 100 నిమిషాలలో తేలుస్తారని అంటారు కదా అని మీరు అడగవచ్చు. ఆ యాప్ మీ కళ్ళ ముందు వీధిలో జరుగుతున్నదాన్ని అక్కడికక్కడే ఫొటో తీసి పంపడానికి. ఇతరులు పంపిన వీడియోను అందులో పెట్టలేరు. ఎన్నికల సమయంలో దీనికి జిల్లా స్థాయిలో మీడియా పర్యవేక్షణ కమిటీ ఉంటుంది, 1950 నంబరుకు చేస్తే దారి చెబుతారు. ఎన్నికల సందర్భంలో కులాల మధ్య, మతాల మధ్య శత్రుత్వం పెంచడం ప్రజాప్రాతినిధ్య చట్టం 125వ సెక్షను కింద మూడేళ్ళ వరకు శిక్ష పడే నేరమని మీ చెల్లెలి కొడుకుకు కూడా చెప్పండి. కోప్పడకుండా చెప్పండి, లేకపోతే గ్రూపులోంచి వెళ్ళిపోయి ఇంకో గ్రూపు పెడతాడు.

ప్రశ్న (గుంటూరు కొత్తపేట నుంచి ఒక పాఠకుడు): సినిమా పాటలకు పేరడీ కట్టి ప్రత్యర్థిని ఎగతాళి చేస్తున్నారు. ఇది ప్రచారమా, పరాచికమా?

జవాబు: రెండూ. పొన్నెకల్లులో పుట్టిన బుర్రకథ కళాకారుడు షేక్ నాజర్ గారి జిల్లావారు ఈ ప్రశ్న వేయడమే నాకు వింతగా ఉంది. బుర్రకథలో కథకుడికి ఇరుపక్కలా నిలబడే వంతలలో ఒకరు హాస్యానికీ, మరొకరు రాజకీయానికీ అని మనవాళ్ళు ముందే పంచి పెట్టారు. ఎగతాళికి నాకు అభ్యంతరం లేదు, అభ్యర్థి చేసిన పని మీదైతే. అతని నడక మీద, రంగు మీద, నత్తి మీద అయితే పాట ఎంత బాగున్నా వినను. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు వేయకూడదన్న నియమం మాత్రం పేరడీకీ, స్తోత్రానికీ సమానం.

ప్రశ్న (గుంటూరు నుంచి కార్పొరేటరుగా పోటీ చేయాలనుకుంటున్న ఒక యువకుడు): నాకు డివిజనులో చేయాలనుకున్న పనుల జాబితా ఉంది. నా వెంట తిరిగేవాళ్ళు మాత్రం ‘అన్నా, జాబితాలు ఎవడూ చదవడు, పాతాయన ఇంటి గుట్టు బయటపెడదాం’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఇంటి గుట్టు వదిలేయండి, పాతాయనను మాత్రం వదలకండి. ఆయన ఐదేళ్ళు కౌన్సిలులో కూర్చున్నారు; ఏ సమావేశానికి వచ్చారు, ఏ తీర్మానం మీద నోరు తెరిచారు, మీ డివిజనుకు మంజూరైన పనులేవి, బిల్లు అయ్యీ పని కానివేవి అన్న సమాచారం 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడిగి తీసుకోవచ్చు. దరఖాస్తుకు జవాబు రావడానికి 30 రోజుల గడువుంది కాబట్టి నోటిఫికేషను దాకా ఆగకుండా ఈ వారమే పెట్టండి. వచ్చిన కాగితంలో ఆయనకు అనుకూలమైనది ఉంటే దానినీ చెప్పండి. ‘మూడో అడ్డరోడ్డు కాలువ ఆయనే కట్టించారు, కాదనను, దాని నీళ్ళు పోయే దారి కట్టించలేదు, అందుకే వానాకాలంలో రెండో అడ్డరోడ్డు మునుగుతోంది’ అని గడప ముందు నిలబడి అంటే, ఆ ఇంటావిడ మీ మాట రెండో సగాన్ని కూడా నమ్ముతుంది. ఆ తర్వాత మీరేం చేస్తారో చెప్పండి. జాబితా చదవరన్న మీ వాళ్ళ మాట నిజమే, ఇరవై పనుల జాబితా ఎవరూ చదవరు. ఆ వీధికి సంబంధించిన ఒక్క పని చెప్పండి.

మీ మీద అబద్ధం వస్తే అదే రోజు, ఒకే ఒక్కసారి, కాగితంతో జవాబివ్వండి. ‘నేను భూకబ్జాదారును కాను’ అని ఫ్లెక్సీ వేయించే పొరపాటు చేయకండి. దారిన పోయేవాడికి ‘కాను’ అన్న మాట కనిపించదు. మీ వెంట తిరిగేవాళ్ళు ఇంకా వినకపోతే, 2019లో విజయవాడ సెంట్రల్ శాసనసభ స్థానంలో గెలుపోటముల మధ్య తేడా 25 ఓట్లని చెప్పండి. ఒకే అపార్టుమెంటులో పాతాయన కుటుంబాన్ని తిట్టినందుకు నొచ్చుకునేవారు అంతకంటే ఎక్కువే ఉండవచ్చు.

మీకు మరో జాగ్రత్త. నగరపాలక ఎన్నికలను నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. నేను పైన చెప్పిన సెక్షన్లు శాసనసభ, లోక్‌సభ ఎన్నికలవి. మీకు వర్తించే నియమాల పుస్తకం నామినేషనుకు ముందే తెచ్చుకుని చదవండి.

ప్రశ్న (విజయవాడ భవానీపురం నుంచి ఒక పాఠకురాలు): 2024లో మా నాన్నగారు శాసనసభకు స్వతంత్ర అభ్యర్థిగా పోటీ చేశారు. ఆయన చిట్టీల డబ్బు ఎగ్గొట్టి ఊరు మారి వచ్చారని పోలింగుకు వారం ముందు ఒక మెసేజీ తిరిగింది. ఆయన జన్మలో చిట్టీలు కట్టించలేదు. ఓడిపోయినందుకు బాధ లేదు, ఆ మాట ఇప్పటికీ వెంటాడుతోంది. ఇప్పుడు ఏమైనా చేయగలమా?

జవాబు: అమ్మా, ఎన్నిక చెల్లదని సవాలు చేసే దారి మూసుకుపోయింది. అభ్యర్థి వ్యక్తిగత ప్రవర్తన మీద అబద్ధం ప్రచురించడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123(4) కిందికి వచ్చినా, ఫలితం వెలువడిన 45 రోజులలోపు హైకోర్టులో పిటిషను వేయాలి. 2024 జూన్ 4న ఫలితాలు వచ్చాయి కాబట్టి ఆ గడువు జూలైలోనే తీరిపోయింది. వేసినా, ఆ మెసేజీ గెలిచిన అభ్యర్థి గానీ, ఆయన ఏజెంటు గానీ, వారి సమ్మతితో మరొకరు గానీ పంపారని రుజువు చేయవలసి ఉండేది. ఇలాంటి కేసులు ఎక్కువగా వీగిపోయేది అక్కడే.

పరువునష్టం దారి వేరు. సంగతి జరిగింది 2024 మేలో, కొత్త న్యాయసంహిత జూలై 1న అమలులోకి రాకముందు, కాబట్టి పాత శిక్షాస్మృతిలోని 499, 500 సెక్షన్లు వర్తిస్తాయి. రెండేళ్ళ వరకు శిక్ష ఉన్న ఆ నేరానికి మేజిస్ట్రేటు ముందు ఫిర్యాదు చేయడానికి మూడేళ్ళ గడువు ఉంటుంది. ఆ లెక్కన 2027 మే దాకా సమయం ఉంది. మెసేజీ వచ్చిన తేదీ చూసి కచ్చితమైన రోజును మీ న్యాయవాదితో లెక్కకట్టించుకోండి. ఫిర్యాదు చేయవలసినది మీ నాన్నగారు, మీరు కాదు. ఆయనకు కోర్టు మెట్లెక్కే ఓపికా ఇష్టమూ ఉన్నాయో లేదో ముందు అడగండి. లేవంటే బలవంతపెట్టకండి. ఉన్నాయంటే, ఆ మెసేజీ మీ గ్రూపులోకి మొదట ఏ నంబరు నుంచి, ఏ తేదీన, ఎన్ని గంటలకు వచ్చిందో కనిపించేటట్టు తీసిపెట్టుకోండి. అప్పటి ఫోను ఇంకా మీ దగ్గరే ఉంటే దానిని మార్పిడికి ఇచ్చేయకుండా బీరువాలో పెట్టండి.